పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆదోని కోట, సిద్ది మసూద్ ఖాన్

కర్నూలు జిల్లా పశ్చిమాన, ఎమ్మిగనూరుకు పొరుగున ఉన్న ఆదోని విజయనగర కాలం నుంచే కీలక దుర్గం. తళ్లికోట యుద్ధం (1565) తర్వాత 1568లో బీజాపూర్ సుల్తానుల చేతికి వచ్చింది.

ఈ కోటను ఏలినవారిలో గుర్తుంచుకోవాల్సిన పేరు సిద్ది మసూద్ ఖాన్. ఆఫ్రికా మూలాలున్న ఈ సేనాని బాల సుల్తాన్ సికందర్ ఆదిల్ షా తరఫున బీజాపూర్ పాలన నడిపి, ఆ దర్బారు తగాదాలతో విసిగి ఆదోనికి తిరిగొచ్చాడు. ఇక్కడి జామియా మసీదు ఆయన కట్టించిందే.

1686లో బీజాపూర్ పడింది. రెండేళ్లకు ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిని ముట్టడించాడు. ఫిరంగులను మసీదు వైపు తిప్పడంతో, తాను కట్టించినది నేలమట్టమవుతుంటే చూడలేక మసూద్ ఖాన్ లొంగిపోయాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఈ ఫిరోజ్ జంగ్ కొడుకే హైదరాబాద్ తొలి నిజాం. ప్రశ్న ఇక్కడి నుంచే రావచ్చు.

1786లో టిప్పు సుల్తాన్ ఆదోనిని పట్టుకుని కోట గోడలు కూల్పించాడు. 1800లో నిజాం దీన్ని బ్రిటిష్‌వారికి ఇచ్చేశాడు.

చాలామంది తడబడేది ఇక్కడే: 1953 వరకు ఆదోని బళ్లారి జిల్లాలోది, కర్నూలుది కాదు.