ల్యాబ్‌లో ఆగితే చాలదు

ప్రశ్న: క్యాన్సర్ పాకకుండా ఆపే మందు ల్యాబ్‌లో పనిచేసిందని చదివాను. అమ్మకు ఎప్పుడు దొరుకుతుంది డాక్టరు గారూ?

జవాబు: తొందరపడకండి. ప్లాస్టిక్ పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల పొర మీద గీత గీసి, మందు వేశాక కణాలు కదిలి ఆ ఖాళీని ఎంత పూడ్చాయో కొలుస్తారు. ఇందులో ఓ తిరకాసుంది: మందు కణాల్ని చంపేసినా గీత పూడదు! మరో పరీక్ష కూడా ఉంది. ఎలుక కణితి నుంచి తీసిన జిగురును సుమారు 8 మైక్రాన్ల రంధ్రాలున్న పొర మీద పూసి, కణాలు దాటుతాయేమో చూస్తారు. ఎంజైములతో జిగురును కరిగించుకుంటూ అవి దూరిపోతాయి. ఆ ఎంజైముల్ని అడ్డుకునే మారిమాస్టాట్ అనే మందు ఎలుకల్లోనూ ఆశలు రేపింది. తీరా రోగులకిస్తే, చాలా ట్రయల్స్‌లో ఆయుష్షు పెంచలేదు సరికదా, కీళ్లనొప్పులు తెచ్చింది. మీరు చదివిన మందుకు రోగులపై ట్రయల్ నడుస్తోందా అని అమ్మగారి ఆంకాలజిస్టును అడగండి. ఇప్పుడు వాడుతున్న మందులు మాత్రం ఆపకండి.