ఒరలో వెదురు బద్ద

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోనులో అడిగింది రెండు ముక్కలే: ‘షోగన్’ చూడ్డం అయిపోయింది పెద్దమ్మా, సమురాయ్‌ల మీద ఇంకా ఏం చూడను, ఏం చదవను అని. నిలబడి చెప్పే జవాబు కాదది. పైగా వీడియో కాల్‌లో నీ మంచం వెనక గోడకి అంటించుకున్న కాగితం నా కంట పడింది. రోజూ చావును తలుచుకునే బతకాలని ఏదో జపాను పుస్తకంలో మాటట, మీ అమ్మ చెప్పింది. అప్పట్నుంచీ మనసులో కాస్త కలుక్కుమంటూనే ఉంది, అందుకే పెన్నూ కాగితం పట్టుకు కూర్చున్నాను.

నువ్వు చూసిన ‘షోగన్’ సీరియల్‌కి మూలం 1975లో క్లావెల్ రాసిన నవల. తోరనాగ అంటే అసలు తొకుగావా ఇయెయసు, ఆ ఇంగ్లీషు ఓడవాడు 1600లో నిజంగానే జపాను తీరానికి చేరిన విలియం ఆడమ్స్. పేర్లు మార్చి కథ అల్లాడు. సీరియల్‌లో తోరనాగ వేషం వేసిన హిరొయుకి సనాదా నీకు తెగ నచ్చాడన్నావుగా, ఆయన్నే పట్టుకుని వెనక్కి వెళ్ళు. 2002లో యోజి యమదా తీసిన ‘ట్విలైట్ సమురాయ్’లో అదే మనిషి చిరుగుల బట్టలతో, సరిగ్గా స్నానం కూడా చెయ్యకుండా, ప్రభువుగారి కొట్లలో ఎండుచేపలూ బియ్యమూ లెక్కలు రాసుకునే గుమాస్తాగా కనిపిస్తాడు. జీతం ఏడాదికి 50 కొకుల బియ్యం (కొకు అంటే ఒక మనిషికి ఏడాది తిండని వాళ్ళ లెక్క), అందులో అప్పులకి పోయేది పోను మిగిలేది తక్కువ. భార్య క్షయతో పోయింది, తల్లికి మతిమరుపు, కన్న కొడుకునే పట్టుకుని మీరెవరి అబ్బాయండీ అని అడుగుతుంది, ఆయన విసుక్కోకుండా ప్రతిసారీ నేను మీ సేయిబేనమ్మా అని చెబుతాడు, చూడు, ఆ ఒక్క జవాబు చెప్పే తీరు కోసమైనా ఈ సినిమా చూడాలి, మీ అమ్మమ్మ చివరి రెండేళ్ళూ నువ్వు ఆవిడకి అన్నం కలిపి పెడుతూ రోజూ నీ పేరు కొత్తగా చెప్పిన సంగతి నేను మర్చిపోలేదే.

అందులో రాత్రిపూట పిల్లలూ తండ్రీ పొయ్యి చుట్టూ కూర్చుని పురుగుల్ని పెట్టే చిన్న చిన్న పంజరాలు అల్లుతుంటారు, పైసంపాదన కోసం. పెద్దపిల్ల చేతిపని ఆపకుండానే అడుగుతుంది: కుట్టుపని నేర్చుకుంటే బట్టలు కుట్టుకోవచ్చు, మరి చదువు దేనికి నాన్నా అని. ఆయన కాసేపు తడుముకుని, చదివితే సొంతంగా ఆలోచించే బలం వస్తుంది, లోకం ఎటు తిరిగినా ఆ బలం ఉన్నవాళ్ళు ఎలాగో నిలదొక్కుకుంటారు అంటాడు. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని, అంత తేలిగ్గా ఏ పిల్లకీ చెప్పలేకపోయాననిపించింది.

ఆ సేయిబే ఒరలో ఉన్నది ఉక్కు కాదు, వెదురు బద్ద. భార్య అంత్యక్రియల ఖర్చులకి కత్తి అమ్మేశాడు. సరిగ్గా నలభై ఏళ్ళ ముందు, 1962లో, మసాకి కొబయాషి తీసిన ‘హరాకిరి’లోనూ ఓ కుర్రాడి ఒరలో వెదురే ఉంటుంది, రోగంతో ఉన్న భార్యాబిడ్డల కోసం అమ్ముకున్నాడు. సమురాయ్ మీద మంచి సినిమా ఏది అని ఎవరైనా అడిగితే నేనిదే చెబుతాను: కత్తి ఎందుకు అమ్ముకోవాల్సొచ్చిందో చూపించేది. ఎలా తిప్పాడో చూపించేవి వందలున్నాయి, సెలవురోజు చూసుకో, కాదనను.

‘హరాకిరి’ కథాకాలం 1630. తొకుగావాలకి అధికారం తెచ్చిన సెకిగహారా యుద్ధం అయిపోయి ముప్పై ఏళ్ళు, వాళ్ళు ఒక్కొక్క ప్రభువు ఇల్లూ రద్దు చేసుకుంటూ పోతుంటే కొలువు పోయిన సమురాయ్‌లు రోడ్డున పడ్డారు. గొప్పవాళ్ళ వాకిట్లో నిలబడి, మీ ముంగిట్లో కడుపు కోసుకుంటాం, అనుమతించండి అంటారు, నాలుగు డబ్బులిచ్చి పంపేస్తారన్న ఆశతో. ఓ పెద్దింటివాళ్ళు ఆ కుర్రాణ్ణి సరే కోసుకో అన్నారు, ఆ వెదురుతోనే. ఆ ఇంట్లో పూర్వీకుడి కవచాన్ని దేవుడిలా కూర్చోబెట్టి పూజిస్తుంటారు, చూడబోతే లోపల ఖాళీ. కథ మొదలయ్యేది వాళ్ళింటి దినచర్య పుస్తకంతో, ముగిసేదీ దాంతోనే. చివర్లో అందులో ఏం రాస్తారో నేను చెప్పను, ఆ పేజీ చూశాక ఏ రాజుగారి శాసనం చదివినా నీకు అనుమానం రాకపోతే నన్నడుగు. కొబయాషి తానే రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా మంచూరియాలో ఉండి, ప్రమోషన్ ఇస్తామన్నా వద్దన్న మనిషి. ఇది మాత్రం రాత్రిపూట ఒంటరిగా చూడొద్దు తల్లీ. రూమ్మేటుని కూర్చోబెట్టుకో.

ఇక నీ గోడ మీది మాట. అది ‘హగకురె’లోది. చెప్పినాయన యమమోతో త్సునెతోమొ, సాగా సంస్థానంలో కొలువు చేసినవాడు, జన్మలో ఒక్క యుద్ధం కూడా చూడలేదు. ప్రభువు పోయినప్పుడు వెంట తానూ చచ్చిపోదామంటే అప్పటికే అది నిషేధం, అందుకని సన్యాసం పుచ్చుకుని, 1710 నుంచి ఆరేళ్ళు ఓ కుర్ర సమురాయ్‌కి ఆ రోజులే వేరు అంటూ చెప్పుకుంటూ పోయాడు. ఆ మాటల్నే రెండో ప్రపంచ యుద్ధంలో పడుచు కుర్రాళ్ళ చేతికిచ్చి చావడానికి పంపారు. చదువు, చదవొద్దనను. చెప్పినవాడెవరో, ఎప్పుడు చెప్పాడో కూడా కిందే రాసి అంటించుకో. నితోబె రాసిన ‘బుషిదో’కీ ఇదే మాట: సమురాయ్ అనే తరగతే రద్దయిపోయిన తరవాత 1900లో, అమెరికాలో కూర్చుని పరాయివాళ్ళ కోసం ఇంగ్లీషులో రాశాడు. చక్కగా రాశాడు, అదే చిక్కు.

సమురాయ్ ఇళ్ళవాళ్ళే రాసుకున్నవి కావాలంటే కత్సు కొకిచి ‘ముసుయిస్ స్టోరీ’ పట్టుకో. 1843లో రాసుకున్న ఆత్మకథ. పదమూడో ఏట ఇంట్లోంచి పారిపోయి అడుక్కుతిన్నాడు, పెద్దయ్యాక మళ్ళీ పారిపోతే తండ్రి ఇంట్లోనే బోను కట్టించి మూడేళ్ళు పెట్టాడు, అక్కడే కాస్త చదవడం రాయడం పట్టుబడింది. తగువులు, అప్పులు, పాత కత్తుల బేరాలు, అంతా అదే. ఇలాంటి తండ్రికి పుట్టిన కత్సు కైషూ 1868లో ఎదో నగరపు కోటని నెత్తురు చిందకుండా అప్పగించి ఊరిని కాపాడాడు. ఇంకోటి సుగిమోతో ఎత్సు రాసిన ‘ఎ డాటర్ ఆఫ్ ద సమురాయ్’, 1925. పాఠం మధ్యలో చిన్నపిల్ల కాస్త కదిలిందని గురువుగారు పుస్తకం మూసేసి, ఈ పూట నీ మనసు చదువుకి సిద్ధంగా లేదు, వెళ్ళు అంటారు. అది చదివి నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, కాస్త అసూయా వేసింది, నా క్లాసులో అరవై మంది కదిలేవారు మరి.

పాతకాలంలోకి పోవాలనిపిస్తే ‘హెయికె’ గాథ. 1180 నుంచి 1185 దాకా జరిగిన యుద్ధాన్ని గుడ్డివాళ్ళు బివా అనే తంత్రీవాద్యం మీటుతూ ఊరూరా పాడారు, మన కారెంపూడిలో వీరవిద్యావంతులు పల్నాటి కథ పాడినట్టే, రెండూ 12వ శతాబ్దపు కథలే. అందులో అత్సుమోరి అని మన బాలచంద్రుడి ఈడువాడొకడు ఉంటాడు. అతన్ని పట్టుకున్న శత్రుయోధుడు కుమగాయికి శిరస్త్రాణం తీసి చూడగానే సొంత కొడుకు గుర్తొస్తాడు, వదిలేద్దామనుకుంటే వెనక తనవాళ్ళే వచ్చేస్తుంటారు. చంపాక నడుముకి చూస్తే పట్టుసంచిలో పిల్లనగ్రోవి.

‘సెవెన్ సమురాయ్’ చివరికి ఉంచుకో, 1954, కురొసావా. మూడున్నర గంటలుంటుంది, ముందే తినేసి కూర్చో. రైతులు చిరుధాన్యం తింటూ సమురాయ్‌లకి మాత్రం తెల్లన్నం పెడతారు, ఆ అన్నాన్ని వాళ్ళు ఊరి పిల్లలకి పంచేస్తారు. మా ఊళ్ళో ఫిల్మ్ సొసైటీవాళ్ళు తెరకట్టి వేస్తే చూశాను. అప్పటికి నువ్వు పుట్టలేదు గానీ, తరవాత మీ బాబాయి పెళ్ళిలో పంక్తిలోంచి నువ్వు మధ్యలో లేచిపోతే ఏమైందా అని వెతుక్కుంటూ వెళ్ళాను, ఎంగిలాకులు ఎత్తే ఆవిడ కూతురి పక్కన నేల మీద కూర్చుని నీ లడ్డు విరిచి పెడుతున్నావు. పట్టులంగాకి పాకం అంటిందని మీ అమ్మ తిట్టింది. నేను ఏమీ అనలేదు, నాకు ఆ సినిమాయే తిరుగుతోంది.

మీ పెదనాన్న వచ్చే ఆదివారం హైదరాబాదు వస్తున్నారు. కత్సు పుస్తకం అట్టవేసి ఇస్తున్నాను, సున్నుండలు కూడా. పుస్తకం ఎవరికీ అప్పివ్వకు, సున్నుండలు మాత్రం అందరికీ పెట్టు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు పోస్తారు, యొషికావా ‘ముసాషి’ లావుపాటిది దొరికితే బేరమాడి తీసుకో, సెలవులకి వచ్చేటప్పుడు పట్టుకురా, నేనింకా చదవలేదు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ