పగడపు దిబ్బలకు పట్టిన రోగము



యోబు గ్రంథము 28వ అధ్యాయములో జ్ఞానమునకు వెలకట్టబోయిన చోట పగడముల పేరు వచ్చును. యెహెజ్కేలు 27వ అధ్యాయములో అవి తూరు పట్టణపు సంతకు వచ్చిన సరకు. మెడలో వేసికొను ఎఱ్ఱ పగడము ఒక జాతి. సముద్రములో దిబ్బలు కట్టునవి దాని బంధువులు. వాటిని గూర్చి ఈ నెల నేర్చుకొందము.

పగడము రాయి కాదు, చెట్టు కాదు, ప్రాణి. మిక్కిలి చిన్నవైన ఈ ప్రాణులు వేలకొలది ఒకచోట చేరి, నీటిలోని సున్నముతో తమ క్రింద ఇల్లు కట్టుకొనును. వాటి దేహములో కంటికి కానరాని నాచు కాపురముండి, ఎండవెలుతురుతో ఆహారము వండి పెట్టును. సముద్రపు అడుగున నూటికి ఒక వంతైనను లేని ఈ దిబ్బలలో సముద్రజీవుల జాతులలో దాదాపు నాలుగవ వంతు బ్రతుకుచున్నవి.

2018లో సైన్స్ అను పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. ఇండోనేషియా, మయన్మార్, థాయిలాండ్, ఆస్ట్రేలియా దేశముల 159 దిబ్బలలో శాస్త్రజ్ఞులు మునిగి, 1,24,000 పగడములను పరీక్షించిరి. ప్లాస్టిక్ తగులని పగడమునకు రోగము వచ్చు అవకాశము నూటికి 4 పాళ్లు. తగిలినదానికి 89 పాళ్లు! ఈ అంకెను నేను రెండుమారులు చదివితిని.

ఎందుకిట్లు? సంచి కప్పినప్పుడు వెలుతురు ఆగును, వండిపెట్టు నాచు పస్తుండును. అలల ఊపుకు ప్లాస్టిక్ రాచుకొని మెత్తని చర్మమును గీరును. ఆ గాయము గుండ రోగక్రిములు చొచ్చును. కొమ్మలుగల పగడములకు ఇది చిక్కుకొనుట ఎనిమిదంతలు ఎక్కువ. చేపపిల్లలు దాగునదియు ఆ కొమ్మలలోనే. కొమ్మ చచ్చెనా, పిల్లకు చాటు లేదు, జాలరి వలకు చేప లేదు.

సముద్రము వేడెక్కుట ఇంతకంటె పెద్ద శత్రువే. దానిని ఒక్క గ్రామము చల్లార్చజాలదు. ప్లాస్టిక్ సంగతి అట్లు కాదు. ఆ నాలుగు దేశములలో ఇండోనేషియా దిబ్బలమీద ప్లాస్టిక్ అత్యధికము, ఆస్ట్రేలియాలో అత్యల్పము; ఒడ్డున చెత్త సరిగా ఎత్తని చోటనే అది ఎక్కువగా చేరుచున్నదని తేలినది.

మన యూరు సముద్రమునకు దూరమనవద్దు. మన కాలువ వాగులోను, వాగు గోదావరిలోను, గోదావరి బంగాళాఖాతములోను కలియును. ఆ అఖాతమునకు ఆవల అండమాను పగడపు దిబ్బలున్నవి. ప్రేమవిందు మరునాడు గుడి వెనుక కాలువలో తేలు గ్లాసులను మీరును చూచియున్నారు. 2022 జూలై 1 నుండి ప్రభుత్వము అట్టి గ్లాసులను, పళ్లెములను నిషేధించినను సంతలో దొరకుచునేయున్నవి. ఈసారి విందుకు విస్తళ్లు కుట్టుటకు స్త్రీల సమాజమువారు ఒప్పుకొనిరి. మోదుగాకు తేగలవారు సంఘపెద్దలతో ముందుగా చెప్పవలెను. నీళ్లకు ఎవరి గ్లాసు వారే తెచ్చుకొనవలెను.