దివ్యాంగులకు ప్రభుత్వ ఇల్లు: వాటా ఉంది, వసతి మాటేమిటి?

దివ్యాంగుల హక్కుల చట్టం అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులు మూడు అంకెలు బట్టీ పట్టి ఊరుకుంటారు: ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం, వైకల్యాలు 21. ఇళ్ల కేటాయింపులో కూడా 5 శాతం ఉందన్నది గైడ్లలో ఒక్క పంక్తితో సరిపెట్టేస్తారు. మెయిన్స్‌లో రాయదగ్గ సరుకంతా ఆ పంక్తి వెనకే ఉంది. చట్టం ఇళ్లలో వాటా ఇచ్చింది. ఇచ్చిన ఇల్లు ఆ మనిషికి పనికొస్తుందా అని చూసే ఏర్పాటు మాత్రం అంత గట్టిగా లేదు.

రాజ్యాంగ పునాది

గృహవసతి హక్కు అంటూ విడిగా ఏ అధికరణా లేదు. 21వ అధికరణలోని జీవించే హక్కులో నివాసమూ భాగమేనని చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అనారోగ్యం, అంగవైకల్యం వేళ ప్రభుత్వ సాయం గురించి ఆదేశిక సూత్రాల్లోని 41వ అధికరణ ప్రస్తావిస్తుంది. పదకొండో షెడ్యూల్‌లో గ్రామీణ గృహ నిర్మాణం 10వ అంశం, వికలాంగుల సంక్షేమంతో కూడిన సామాజిక సంక్షేమం 26వ అంశం.

ఇక్కడో చిక్కు ప్రశ్న అడగొచ్చు. వికలాంగులకు సహాయం రాష్ట్ర జాబితాలో 9వ అంశం కదా, పార్లమెంటు ఎలా చట్టం చేసింది? జవాబు 253వ అధికరణ. అంతర్జాతీయ ఒప్పందాల అమలు కోసం పార్లమెంటు ఏ అంశం మీదైనా చట్టం చేయొచ్చు. దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను సర్వప్రతినిధి సభ 2006 డిసెంబర్ 13న ఆమోదించింది. భారత్ 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. అందులో 19వ అధికరణ సమాజంలో స్వతంత్రంగా బతకడం గురించి, 28వ అధికరణ ప్రభుత్వ గృహ పథకాల్లో ప్రవేశం గురించి చెబుతాయి.

2016 చట్టంలో చూడాల్సినవి

1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మన అంశానికి కీలకం సెక్షన్ 37. వ్యవసాయ భూమి, గృహ పథకాల కేటాయింపుల్లో బెంచ్‌మార్క్ వైకల్యం, అంటే 40 శాతం, ఆపైన ఉన్నవారికి 5 శాతం. అందులో మహిళలకు ప్రాధాన్యం. ఇల్లు, ఉపాధి వంటి అవసరాలకు రాయితీ ధరపై ఇచ్చే స్థలాల్లోనూ 5 శాతం.

దీన్ని సెక్షన్ 5తో కలిపి చదవాలి. దివ్యాంగులు ఫలానా చోటే ఉండాలని ఎవరూ కట్టడి చేయకూడదని, సమాజంలో అందరితో కలిసి బతికే హక్కు వారికుందని అది చెబుతుంది. ఆశ్రమంలో చేర్చేస్తే బాధ్యత తీరిపోయిందనుకునే ఆలోచనకు ఇది చెల్లుచీటీ. సెక్షన్ 44 ప్రకారం సుగమ్యత నిబంధనలు పాటించని ప్లాన్‌కు నిర్మాణ అనుమతి ఇవ్వకూడదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద తొలిసారి 10 వేల రూపాయల వరకు, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా.

2025 మేలో కేంద్రం 4 శాతం రిజర్వేషన్ ప్రకటించింది తన ఉద్యోగులకిచ్చే క్వార్టర్లలో. పేదల గృహ పథకాల్లోని 5 శాతంతో దాన్ని కలిపేయకండి.

దీర్ఘకాలిక రోగి ఎక్కడున్నాడు?

21 వైకల్యాల్లో కొన్ని దీర్ఘకాలిక జబ్బులు ఉన్నాయి: పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్. మూత్రపిండాల వైఫల్యం, క్యాన్సర్, గుండె జబ్బు లేవు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తీసుకోండి. కిడ్నీ జబ్బుకు మారుపేరైన ప్రాంతమది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి పింఛను 2019లో నెలకు 10 వేల రూపాయలైంది. అంటే పింఛను జాబితా అతని జబ్బును గుర్తించింది. కానీ కేవలం ఆ జబ్బు ఆధారంగా సెక్షన్ 37 కింద ఇల్లు అడిగే వీలు లేదు. వారంలో రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి ఊరికి దూరంగా, బస్సు రాని కాలనీలో ఇల్లిస్తే అది సాయమా, శిక్షా? దరఖాస్తులో కులం, ఆదాయం, రేషన్ కార్డు అడిగినంత శ్రద్ధగా ఆసుపత్రి ఎంత దూరమని అడగడం అరుదు.

40 శాతం ధ్రువీకరణకు తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరమే దారి. దేశవ్యాప్తంగా చెల్లేది యూడీఐడీ కార్డు. 2024 సవరణ నిబంధనల ప్రకారం 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం రంగు కార్డులిస్తారు. ఇళ్ల కోటాకు పసుపు, నీలం కార్డులవాళ్లే అర్హులు.

పథకాలు, అంతస్తులు

గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనకు ఆధారమైన 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో, దివ్యాంగులుండి, ఆరోగ్యవంతులైన పెద్దలెవరూ లేని కుటుంబాన్ని ఒక లేమి సూచికగా తీసుకున్నారు. 2015 జూన్ 25న మొదలైన పట్టణ పథకం మార్గదర్శకాలు దివ్యాంగులు, వృద్ధులున్న కుటుంబాలకు కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఇవ్వవచ్చన్నాయి. ఇవ్వాలి అనలేదు, గమనించండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్ టిడ్కో సముదాయాలు జీ ప్లస్ 3. నాలుగు వరసల్లో ఒకటి కింద ఉంటుంది కాబట్టి 25 శాతం ఇళ్లు నేలమీదే. 5 శాతం వాటాను పూర్తిగా అక్కడే సర్దొచ్చు, ఇంకా వృద్ధులకూ మిగులుతాయి. చేయాల్సిందల్లా ముందు వీళ్లకు కింది ఇళ్లు కేటాయించి, ఆ తర్వాత మిగతావారికి లాటరీ తీయడం. క్రమం తిరగబడితే పోలియో వచ్చిన మనిషికి మూడో అంతస్తు తగులుతుంది.

తెలంగాణలో 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీ సంగతి వేరు. 15,660 ఇళ్లు, స్టిల్ట్ మీద 9 నుంచి 11 అంతస్తులు. కింద పార్కింగే కాబట్టి నేలమట్టంలో ఇల్లన్నదే లేదు. అక్కడ వీల్‌చైర్ మనిషికి లిఫ్టే కాళ్లు. దాని కరెంటు బిల్లు, మరమ్మతు ఖర్చు ఎవరు భరిస్తారన్నది నిర్వహణ సమస్యగా కనిపించినా, నిజానికి అది హక్కుల సమస్య.

ర్యాంప్ లెక్క

ర్యాంప్ వాలు 1:12 మించకూడదన్నది అందరూ రాసే వాక్యం. దాని అర్థమేమిటో చూడండి. బేస్‌మెంట్ 45 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంప్ 5.4 మీటర్లు సాగాలి. గ్రామీణ ఆవాస్ యోజన ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు అయిదు మీటర్ల చదరం. ర్యాంపే ఇంటి కంటే పొడుగు! ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2020 డిసెంబర్ నుంచి ఇచ్చిన సెంటు స్థలం నలభై చదరపు మీటర్లే. అందులో ఇల్లు పోగా ర్యాంప్‌కు చోటెక్కడ?

వరద భయం లేని చోట బేస్‌మెంట్ 15 సెంటీమీటర్లకు తగ్గిస్తే 1.8 మీటర్లు చాలు. బాత్రూంలో వీల్‌చైర్ తిరగడానికి మీటరున్నర వ్యాసం, తలుపుకు 90 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. ఇవన్నీ ముగ్గు పోసే రోజే తేలాలి. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లలో తొలి విడత లక్ష రూపాయలు బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తాయి. అప్పటికే ఎత్తు ఖరారై పోయి ఉంటుంది.

రాజీవ్ రాతూరి తీర్పు

2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, సుగమ్యత ప్రమాణాలకు సంబంధించి 2017 నిబంధనల్లోని 15(1) చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. చట్టం తప్పనిసరి అంటుంటే నిబంధన దాన్ని సలహా స్థాయికి దించేసిందన్నది కోర్టు అభ్యంతరం. తప్పనిసరి ప్రమాణాలు రూపొందించేందుకు కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఈ కేసులో క్షేత్రస్థాయి స్థితిగతులపై నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం.

అన్యాయం జరిగితే

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టుకోవడం అందరికీ తెలిసిన దారి. దివ్యాంగులకు మరొకటి ఉంది: రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. విచారణలో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలుంటాయి. ఆయన సిఫారసుపై సంబంధిత శాఖ మూడు నెలల్లో చర్య తీసుకోవాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. అది తీర్పు కాదు, సిఫారసే. ఈ తేడా మీదే ప్రిలిమ్స్‌లో ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ.

పోలిక కావాలంటే ఇంగ్లండ్‌ను రాయండి. అక్కడి 1996 గృహ చట్టం ప్రకారం వైద్య కారణాలు, వైకల్యం వల్ల ఇల్లు మారాల్సినవారికి స్థానిక సంస్థలు కేటాయింపుల్లో సముచిత ప్రాధాన్యం ఇవ్వాలి. అక్కడ శాతం లేదు, అవసరమే కొలత. మనకు శాతం ఉంది.

మాదిరి ప్రశ్నలు

1. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో గృహ పథకాల కేటాయింపుల్లో 5 శాతం రిజర్వేషన్ కల్పించే సెక్షన్ ఏది?
ఎ) 32 బి) 34 సి) 37 డి) 44
జవాబు: సి. సెక్షన్ 32 ఉన్నత విద్యకు, 34 ఉద్యోగాలకు, 44 నిర్మాణ అనుమతులకు సంబంధించినవి.

2. 'గృహ పథకాల్లో రిజర్వేషన్ ఒక్కటే దివ్యాంగులకు తగిన నివాసం కల్పించలేదు.' చర్చించండి. (250 పదాలు)
సూచన: సెక్షన్ 37తో మొదలుపెట్టి, జీ ప్లస్ 3లో కేటాయింపు క్రమాన్ని, డయాలసిస్ రోగి ఉదాహరణను, రాతూరి తీర్పును వాడండి. ర్యాంప్ లెక్క ఒక్క పంక్తిలో చూపించగలిగితే మూల్యాంకనం చేసేవారి కన్ను అక్కడ ఆగుతుంది.