నవ్వేవాళ్లు లేకపోతే

చిరంజీవి మనవరాలికి,

బడిలో ఒకరిని ఏడిపించడం ఇద్దరి మధ్య వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, చాలావరకు అది నలుగురూ చూస్తుండగానే జరుగుతుంది. సమ ఉజ్జీలైన ఇద్దరు తిట్టుకుని మర్నాటికి కలిసిపోతే అది మామూలు పోట్లాట. స్వీడన్, నార్వేల్లో 1970ల నుంచి ఈ విషయాన్ని పరిశీలించిన డాన్ ఒల్వియస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పాడు: బాధపెట్టాలన్న ఉద్దేశం, పదేపదే జరగడం, ఎదుటివారు తిరగబడలేని స్థితి. ఆ స్థితికి కండబలమే కారణం కానక్కర్లేదు. రంగు, యాస, కులం, తండ్రి చేసే పని పట్టుకుని పేర్లు పెట్టడం, వాట్సాప్ గ్రూపులోంచి ఒక పిల్లను తీసేసి ఆమె గురించే అక్కడ నవ్వుకోవడం కూడా ఈ కోవలోవే. "సరదాకి అన్నాం" అనే మాట అన్నవాళ్ల నోటనే వినిపిస్తుంది. పడ్డవాళ్ల నోట ఎప్పుడూ రాదు.

ఫిన్లాండ్‌లో పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి, ఆమె సహచరులు 1996లో ఆ చుట్టూ ఉన్న నలుగురినీ వేరుచేసి చూపారు. కొందరు ఓ చెయ్యి వేస్తారు, కొందరు నవ్వి ఎగదోస్తారు, కొందరు తప్పుకుంటారు, బాధపడుతున్నవారి పక్షాన నిలిచేవాళ్లు కొందరు. అక్కడి బడుల్లో నడిచే కివా అనే వేధింపు నివారణ కార్యక్రమానికి ఆధారం ఈ గమనింపే. ఏడిపించేవాడి గుణం మార్చడం ఎవరికైనా కష్టం. వాడికి అందే నవ్వును ఆపడం తోటిపిల్లల చేతిలో ఉంది. కెనడాలో బడి ఆటస్థలాల్లో వీడియో తీసి చూసిన పరిశోధకులు 2001లో ప్రకటించిన ఫలితాల్లో, పిల్లలు అడ్డుపడింది అయిదింట ఒక్కసారి కూడా లేదు. అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగింది.

అడ్డుపడాలంటే చొక్కా పట్టుకోనక్కర్లేదు. నవ్వకుండా ఉండటం, బాధపడుతున్న పిల్లను అసలు పేరుతో పిలవడం, ఫోన్‌కి వచ్చిన ఎగతాళి ఫొటోను ఇంకొకరికి పంపకపోవడం చాలు. లంచ్ బెల్ కొట్టాక ఒంటరిగా కూర్చున్నవారి పక్కన క్యారేజీ విప్పడం వీటన్నిటిలోకీ తేలిక, బహుశా అన్నిటికన్నా ఫలవంతం కూడా: పక్కన ఒక స్నేహితురాలున్న పిల్ల జోలికి వెళ్లేవాళ్లు తక్కువ.

టీచరుకు చెప్పడాన్ని పిల్లలు చాడీ అంటారు. ఒకరికి శిక్ష పడాలని చెప్పేది చాడీ, ఒకరి బాధ ఆగాలని చెప్పేది సాయం. క్లాసులో అందరి ముందూ కాకుండా స్టాఫ్‌రూమ్‌లో, తేదీలూ స్క్రీన్‌షాట్లతో చెబితే పని జరుగుతుంది. బడుల్లో వేధింపుల నివారణకు కమిటీలు ఉండాలని సీబీఎస్ఈ 2015లోనే సూచించింది. బడి పట్టించుకోకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ ఫోన్ బాధపడుతున్న పిల్లే చేయాలన్న నియమమేమీ లేదు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ