పులుపునకు లొంగని ఉక్కు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములో బెలుం అను గ్రామము కలదు. ఆ గ్రామ సమీపమున చదునైన పొలముల నడుమ నేలలో పెద్ద గొయ్యి యొకటి కనబడును. మెట్లు దిగి లోనికి పోయినవారికి వేరొక లోకమే గోచరించును. నున్నని నల్లరాతి గోడలు, వంకరలు తిరిగిన ఇరుకు దారులు, ఉన్నట్టుండి విశాలమగు మండపములు, పైకప్పునుండి మఱ్ఱియూడలవలె వ్రేలాడు సున్నపుదిమ్మెలు! ఇవియే బెలుం గుహలు. 1884వ సంవత్సరమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు వీనిని గూర్చి వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబౌర్ అను జర్మను పరిశోధకుడు తన బృందముతో వచ్చి లోపలి దారులను కొలిచెను. ఆ దారుల పొడవు 3,229 మీటర్లు. వానిలో మిక్కిలి లోతైన చోటు పాతాళగంగ. అది నేల మట్టమునకు 46 మీటర్ల దిగువన ఉన్నది. 2002వ సంవత్సరము నుండి ప్రజలు దీపముల వెలుగులో ఈ గుహలను చూడగలుగుచున్నారు.

ఈ గుహలను తొలిచిన శిల్పి ఎవరు? ఉలి పట్టిన మనుష్యుడు కాడు. వాననీరే ఆ పని చేసినది. వాన చినుకు గాలిలోనుండి క్రిందికి వచ్చునప్పుడు కొంత బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొనును. మట్టిలోనికి ఇంకునప్పుడు మరికొంత కలుపుకొనును. అప్పుడా నీరు మిక్కిలి బలహీనమైన ఆమ్లమగును. నాలుకపై వేసికొన్నను పులుపు తెలియదు. అయినను సున్నపురాతికి అది తెలియును. పగుళ్లలోనికి దిగిన ఆ నీరు రాతిని కొద్దికొద్దిగా కరగించి తనతో కొనిపోయెను. మన లెక్కలకు అందని దీర్ఘకాలము అట్లు జరుగగా పగులు సందాయెను, సందు దారియాయెను, దారి మండపమాయెను.

గునపముతో పొడిచినను సులభముగా పగులని రాయి పులిసిన నీటికి లొంగినది. గట్టిదనము వేరు, ఆమ్లమునకు తాళుట వేరు అని దీనివలన తెలియుచున్నది. మరి ఆ గునపము సంగతి యేమి? దాని గతియు అంతే. విద్యార్థులారా! మీరొక చిన్న పరీక్ష చేయవచ్చును. గాజు గ్లాసులో నిమ్మరసము పోసి ఒక ఇనుప మేకును, ఒక స్టీలు చెంచాను అందులో ఉంచుడు. మరునాటికి మేకు నల్లబడును. రసము రంగు మారును. చెంచా మాత్రము నిన్నటివలెనే తళతళలాడుచుండును. మేకులోనిది ఇనుమే, చెంచాలో అధిక భాగమును ఇనుమే. ఈ తేడా యెట్లు కలిగెను?

ఈ ప్రశ్న మన వంటయిండ్లకు క్రొత్త కాదు. చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మకాయ, ఆవకాయ — ఇవి లేని తెలుగు భోజనము లేదు. ఇవియన్నియు ఆమ్లములను కలిగియున్నవే. ఇత్తడి గిన్నెలో పులుసు నిలువయుంచినచో చిలుమెక్కి విషమగునని మన అవ్వలు ఎరుగుదురు. అందువలననే ఊరగాయకు జాడీ, పులుసునకు రాచ్చిప్ప, ఇత్తడి పాత్రకు కళాయి. కళాయి పోయువాడు వీధిలో కొలిమి పెట్టి, పాత్రను కాచి, నవాసాగరము చల్లి, తగరమును పలుచగా పూసెడివాడు. కొన్ని నెలలకు ఆ పూత అరిగిపోయెడిది. అతడు మరల రావలసివచ్చెడిది. పూత అక్కరలేక, తనను తానే కాపాడుకొను లోహము కావలెననియు, అది బీదవానికి అందుబాటులో ఉండవలెననియు ఆ కాలపు గృహిణులందరును కోరియుందురు. మొదటి కోరిక తీరుటకు ఒక శతాబ్దము పట్టినది. రెండవది తీర్చుటకు నేటికిని శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు.

ఈ కథలో మన తెలుగుదేశమునకు గొప్ప పాత్ర కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము అను గ్రామమున పూర్వము మేలైన ఉక్కును మూసలలో కరగించి తీసెడివారు. పారశీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి ఆ ముద్దలను కొనిపోయెడివారు. ఐరోపావారు ఇట్టి దక్షిణదేశపు ఉక్కును ‘వూట్జ్’ అనిరి. ‘ఉక్కు’ అను మన మాటయే వారి నోట అట్లు మారినదని పలువురి అభిప్రాయము. ఈ ఉక్కు ముక్కలు లండను నగరము చేరినవి. అచట మైకేల్ ఫారడే అను యువ శాస్త్రజ్ఞుడు 1819వ సంవత్సరమున వానిని పరీక్షించి, ఇంతటి ఉక్కు ఎట్లు తయారగుచున్నదో తెలిసికొనబూనెను. విద్యుత్తును గూర్చి పరిశోధించి జగద్విఖ్యాతుడైన ఫారడే ఇతడే. కత్తులు చేయు జేమ్స్ స్టోడార్ట్ అను నిపుణుడు అతనికి తోడయ్యెను. వారిరువురును ఉక్కులో వెండి, నికెలు, క్రోమియము, ప్లాటినము, రోడియము మున్నగు లోహములను కలిపి చూచిరి.

అప్పుడొక వింత జరిగినది. ప్లాటినము ఆమ్లములకు చలింపని లోహము. అట్టి దానిని ఉక్కులో కలిపినచో ఉక్కు కూడ చలింపకుండునని ఎవరైనను తలంతురు. కాని ప్లాటినము కలిపిన ఉక్కును నీరు కలిపిన గంధకామ్లములో వేయగా అది మామూలు ఉక్కుకంటె ఎంతో త్వరగా కరగిపోయెను! ఇనుము ఆమ్లములో కరగునప్పుడు ఉదజని బుడగలు వెలువడవలెను గదా. ప్లాటినపు రేణువులు ఆ బుడగలు వెలువడుటకు అనువైన తావులైనవి. ఇనుము కరగుటకు దారి సుగమమైనది. విలువైన వస్తువును చేర్చినంత మాత్రమున ఉక్కునకు బలము రాదని 1822వ సంవత్సరము నాటికే లోకమునకు తెలిసినది. తరువాత ఎందరో ఈ సంగతిని మరచి మరల నేర్చుకొనవలసివచ్చినది.

ఆ దినములలోనే, 1821లో, ఫ్రాన్సు దేశమున పియర్ బెర్తియే అను రసాయన శాస్త్రజ్ఞుడు క్రోమియము అధికముగా కలిసిన ఇనుము ఆమ్లములకు బాగుగా తాళునని కనుగొనెను. కత్తులకు ఇది తగునని కూడ సూచించెను. కాని అతని లోహములో బొగ్గు మితిమీరి ఉండుటచే అది పెళుసుగా ఉండెను. బొగ్గులేని క్రోమియమును తీయు ఉపాయము 1890లలో జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్‌కు తోచునంతవరకు ఈ విద్య ముందునకు సాగలేదు. అటుపిమ్మట అడుగులు వేగముగా పడినవి. 1911లో ఫిలిప్ మొన్నార్ట్జ్ క్రోమియపు పాలు పెరిగినకొలది ఉక్కు నత్రికామ్లమునకు ఎట్లు తాళునో కొలిచి చూపెను. 1912లో క్రుప్ కర్మాగారమందు బెన్నో స్ట్రాస్, ఎడ్వర్డ్ మౌరర్ అనువారు క్రోమియముతోపాటు నికెలును కలిపిరి. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రేర్లీ తుపాకి గొట్టములకు తగిన ఉక్కును వెదకుచుండెను. సూక్ష్మదర్శినిలో చూచుటకై లోహపు ముక్కను ముందుగా ఆమ్లముతో తినిపింపవలెను. అతని ముక్కలలో ఒకటి తినిపింపబడుటకు ఇష్టపడలేదు! అందులో నూటికి 12.8 పాళ్లు క్రోమియము ఉన్నది. వెనిగరు, నిమ్మరసములతో పరీక్షించి, ఇది తుపాకికన్న భోజనపు కత్తికే తగినదని అతడు గ్రహించెను.

క్రోమియము చేయు పని యేమి? ఉక్కులో నూటికి సుమారు 11 పాళ్లకు మించి క్రోమియమున్నచో, అది గాలిలోని ప్రాణవాయువుతో కలసి ఉక్కు ముఖముపై కంటికి కానరాని పొరయై పరచుకొనును. ఆ పొర మందము మిల్లీమీటరులో పదిలక్షల వంతునకు రెండు మూడు రెట్లు మాత్రమే. అయినను నీరు దానిని దాటజాలదు. గీత పడినచో ప్రాణవాయువు తగిలినంతనే గాయము తానే మానును. కళాయి పోయువాడు ఉక్కులోనే కాపురమున్నట్లయినది!

ఇంతవరకు బాగుగనే ఉన్నది, వెల మాటయేమి? చిరకాలము మేలైన స్టీలులో నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండెడివి. క్రోమియపు ఖనిజము మన దేశమున కొదవలేదు. ఒడిశాలోని సుకిందా లోయలో సమృద్ధిగా కలదు. నికెలు అట్లు కాదు. మనకు కావలసిన దానిలో అధిక భాగమును పరదేశములనుండి తెచ్చుకొనవలసినదే. యుద్ధము వచ్చినను, గనులు మూతపడినను దాని వెల ఆకాశమునకెక్కును. ఇక క్రోమియపు చౌకరకములో బొగ్గెక్కువ. బొగ్గు తీసిన రకము ప్రియము. ఈ రెండవ చిక్కు 1968లో విడిపోయినది. కరగిన ఉక్కులోనికి ప్రాణవాయువుతోపాటు ఆర్గాను వాయువును ఊదినచో బొగ్గు మండిపోవును గాని క్రోమియము మిగులునని అమెరికాలో కనుగొనిన పద్ధతి ఆ యేడు పరిశ్రమలో అడుగిడెను. నాటినుండి చౌక క్రోమియముతోనే మంచి ఉక్కును చేయవచ్చునాయెను.

నికెలు చిక్కునకు విరుగుడుగా నిలిచినది మాంగనీసు. నికెలు ఉక్కు కణముల అమరికను మార్చి దానిని సాగునట్లు చేయును. మాంగనీసును, కొద్దిపాటి నత్రజనిని కలిపినచో నికెలు చేయు ఆ పనిలో చాల భాగము నెరవేరును. 1950లలో నికెలు కరవు వచ్చినప్పుడు అమెరికాలో ఈ రకపు ఉక్కులు పుట్టినవి. పిమ్మట వానిని మిక్కిలిగా వాడిన దేశములలో మనది ముఖ్యమైనది. నికెలును నూటికి ఒక పాలు వరకు తగ్గించి, మాంగనీసును, రాగిని పెంచి పాత్రలకు తగిన రేకులను మన కర్మాగారములు తయారుచేసినవి. మాంగనీసు మనకు పరాయిది కాదు. భారతదేశమున మాంగనీసు గనుల త్రవ్వకము 1892లో ఆనాటి విశాఖపట్టణ మండలమందే ఆరంభమైనది. ఆ గనులు నేటి విజయనగర ప్రాంతములోనివి. నేడు పల్లెలలో బీదవారి ఇండ్లలో కూడ స్టీలు గ్లాసు, స్టీలు బిందె కనబడుటకు ఈ మార్పు ఒక ముఖ్య కారణము.

అయితే చౌకకు కొంత మూల్యము చెల్లింపక తప్పదు. నికెలును తగ్గించునప్పుడు క్రోమియమును కూడ కొంత తగ్గింపవలసివచ్చును. లేనియెడల కణముల అమరిక చెడును. అందుచే ఈ రకము పులుసునకు తాళును గాని ఉప్పు నిలువయున్నచోట త్వరగా చుక్కలు చుక్కలుగా తినబడును. ఊరగాయను నెలల తరబడి ఇందులో ఉంచుట మంచిది కాదు. దానికి జాడీయే మేలు. ఇది ఉక్కు దోషము కాదు. ఈ రకమును మేలురకమని చెప్పి అమ్ముట మాత్రము ముమ్మాటికి దోషమే. అంగడిలో అయస్కాంతముతో పరీక్షించి మోసమును పట్టవచ్చునని కొందరు తలతురు. పాత్రగా చేయక మునుపు నికెలు రకముగాని మాంగనీసు రకముగాని అయస్కాంతమునకు అంటుకొనదు. ఇక క్రోమియము మాత్రమే కల రకము, నికెలు లేనిదే అయినను ఎన్నో పనులకు నమ్మదగినది, చక్కగా అంటుకొనును. కావున అయస్కాంతము మంచిచెడ్డలు చెప్పజాలదు.

వంటయింటినుండి ఒక్కసారి పొగగొట్టము దగ్గరకు పోవుదము. బెలుమునకు పొరుగుననే ఉన్న కడప జిల్లాలో ముద్దనూరు వద్ద బొగ్గును మండించి విద్యుత్తును తీయు కేంద్రము కలదు. 1994లో అందు ఉత్పత్తి మొదలయ్యెను. ఇట్టి కేంద్రములన్నిటిలోను ఒకే శత్రువు పొంచియుండును. బొగ్గులో కొంత గంధకము ఉండును. అది మండి వాయువగును. ఆ వాయువులో కొంత భాగము నీటి ఆవిరితో కలసి గంధకామ్లపు ఆవిరియగును. పొగ మిక్కిలి వేడిగా ఉన్నంతవరకు భయము లేదు. వేడి సుమారు 150 డిగ్రీలకు దిగువకు జారి, పొగకు చల్లని రేకు తగిలినచో, తెల్లవారుజామున గడ్డిపై మంచు పట్టినట్లు ఆ రేకుపై ఆమ్లము చెమర్చును. చిక్కని, వెచ్చని గంధకామ్లము! మామూలు ఉక్కు రేకులు దానికి నిలువలేక చిల్లులు పడును.

ఇచట మేలురకపు స్టీలు వేయుదుమని తోచవచ్చును. చిత్రమేమనగా, నికెలు, క్రోమియము దండిగా కల ఆ రకము కూడ ఈ ఆమ్లమున బాగుగా నిలువదు. దాని పొర నిలుచుటకు ప్రాణవాయువు కావలెను. వెచ్చని గంధకామ్లము ఆ పొరను కరగించివేయును. జపాను దేశపు లోహశాస్త్రజ్ఞులు 1960లలో వేరొక దారి త్రొక్కిరి. మామూలు ఉక్కులోనే నూటికి మూడవవంతు పాలు రాగి, పదవవంతు పాలు ఆంటిమొనీ చేర్చిరి. ఆమ్లము తగిలినప్పుడు పైనున్న ఇనుము కొంచెము కరగును. కరగని రాగి, ఆంటిమొనీ రెండును కలసి రేకు ముఖముపై పలుచని తెరయై నిలుచును. ఆ తెరపై ఉదజని బుడగలు సులభముగా పుట్టవు. ఇనుము ఇక ముందువలె కరగదు. ఫారడే చూచిన ప్లాటినపు వింతకు ఇది సరిగా తలక్రిందులు. ఒకచోట చేర్చిన లోహము తలుపు తెరచినది, ఇచట చేర్చిన లోహము తలుపు మూసినది. దీని వెల మామూలు ఉక్కుకంటె కొంచెమే హెచ్చు. స్టీలు వెలకు దరిదాపులకు రాదు. దీనినే నత్రికామ్లములో వేసినచో క్షణకాలము నిలువజాలదు. అచట మరల క్రోమియమే దిక్కు.