గొడ్డు గేదె అని అమ్మివేయుటకు ముందు

వేసవి ముదిరిన కొలదియు మన పశువుల సంతలలో ఒక రకపు గేదెలు ఎక్కువగా కనిపించును. అవి వయసు మీరినవి కావు. రెండు మూడు ఈతలవి. కొమ్ము ముర్రా చుట్టు తిరిగి యుండును, పొదుగు కట్టు మంచిది. పాలు మాత్రము వట్టిపోయినవి, చూడి కట్టలేదు. “ఎనిమిది నెలలైంది బాబూ, ఎదకే రాలేదు. గొడ్డుపోయింది” అని యజమాని చెప్పును. బేరగాడు మాంసపు ధర కట్టును. అదే రైతు తొలకరి తరువాత అటువంటి పాడిగేదెను మరల కొనవలసి వచ్చినప్పుడు ఆ సొమ్ము ఏ మూలకును చాలదు.

ఇట్లు అమ్ముడుపోవు గేదెలలో ఎన్నటికిని చూడి కట్టని లోపము గలవి తక్కువ. తక్కినవానిలో కొన్నిటికి కాలము అనుకూలము కాలేదు, కొన్నిటికి గాడిలో సరియైన మేత లేదు, కొన్ని ఎదకు వచ్చినను చూచినవారు లేరు. ఈ మూడును రైతు చేతిలో కొంత, పశువైద్యుని చేతిలో కొంత ఉన్న సంగతులు. నేను వ్యవసాయ శాఖవాడను, పశువైద్యుడను కాను. కాని గాడిలో పడు గడ్డి మా చేలలోనిదే గనుక ఈ విషయము మాకును పట్టినదే.

మొదట లెక్క చూతము. గేదె చూడి మోయు కాలము సుమారు 310 రోజులు. ఆవుకు 280 రోజులు. ఈనిన 90 రోజులలో గేదె మరల చూడి కట్టినచో రెండు ఈతల నడుమ 400 రోజులు, అనగా 13 నెలలు పట్టును. ఇది మంచి పాడి. ఎద 21 రోజులకు ఒకసారి వచ్చును. ఒక ఎద చేయి జారిన 21 రోజులు, మూడు జారిన 63 రోజులు ఈత వెనుకకు పోవును. ఈ లోపల ఎండకాలము వచ్చెనా, ఇక నాలుగైదు నెలలు అటే. ఆ రోజులన్నియు గేదె గడ్డి తినుట మానదు, పేడ ఎత్తు మనిషికి శ్రమ తగ్గదు, పాల కేంద్రమునకు పోవు క్యాను మాత్రము ఖాళీగా నుండును. పాలు తగ్గుట రైతు కంటికి వెంటనే కనబడును. రోజులు జారుట కనబడదు. నష్టము మాత్రము రెండవదానిలోనే ఎక్కువ.

గేదె స్వభావము ఆవు స్వభావము కాదు. పగలు నిడివి తగ్గి రాత్రి పెరుగు కాలములో గేదె ఎదకు వచ్చును. చీకటి వేళ మెదడులోని పీనియల్ అను చిన్న గ్రంథినుండి మెలటోనిన్ అను పదార్థము ఊరును. రాత్రులు పెరిగిన కొలది అది ఎక్కువసేపు ఊరి, అండాశయమును మేల్కొలుపు ఆజ్ఞలు బలపడును. అందుచేత భాద్రపదము మొదలు మాఘము వరకు గేదెలు బాగుగా ఎదకు వచ్చును, చూడి నిలుచును. చైత్ర వైశాఖ జ్యేష్ఠములలో పగలు పెద్దది, ఎండ తీవ్రము, పచ్చిమేత శూన్యము. నల్లని చర్మము వేడిని పీల్చును. చెమట గ్రంథులు ఆవుకున్నన్ని లేవు. కనుకనే అది చెరువు బురదను వెదకుకొనును. అటువంటి గేదెను మిట్టమధ్యాహ్నము రేకుల కొట్టములో కట్టివేసి, ఎదకు రాలేదని నిందించుట న్యాయము కాదు. చెరువు లేని ఊరిలో పగలు రెండు మూడుసార్లు నీళ్లు చల్లవలెను. పాకపై తాటాకు గాని గడ్డి గాని కప్పవలెను. చల్లని నీరు ఎల్లవేళల తొట్టిలో నుండవలెను.

వేసవిలో ఎద అసలు లేకపోవుట ఒకటి, ఉండియు తెలియకపోవుట ఇంకొకటి. రెండవదానిని మూగ ఎద అందురు. అండము విడుదల యగును గాని గేదె అరవదు, గంతులు వేయదు. ఆవులవలె ఒకదానిపై ఒకటి ఎక్కుట గేదెలలో అరుదు. మానమునుండి గాజువంటి తీగ జారును గాని, గేదె నిలుచున్నంతసేపు అది లోపలనే నిలిచి, పడుకొన్నప్పుడు నేలపై పడిపోవును. కనుక తెల్లవారుజామున పేడ తీయుటకు ముందు, గేదె పడుకొన్న చోటు చూడవలెను. మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రము పోయుట, మానము కొంచెము ఉబ్బుట, పాలు చేపుటకు మొరాయించుట, మేతపై ధ్యాస తగ్గుట, తోక ఎత్తి పట్టుట, ఇవి తక్కిన గుర్తులు. గేదెలలో ఎద రాత్రివేళను, తెల్లవారుజామునను ఎక్కువగా ప్రారంభమగును. పగలు పదిగంటలకు చూచి “ఏమియు లేదు” అనుట చూచినట్లు కాదు. రాత్రి పడుకొనుటకు ముందొకసారి, కోడి కూసిన వేళ ఒకసారి చూడవలెను. ఈ పని మగవారికంటె ఇంటి ఆడవారు చక్కగా చేయుదురని నా అనుభవము. పాలు పితుకువారికి గేదె గుణములోని చిన్న మార్పు కూడ తెలిసిపోవును.

ఈనిన రెండు మూడు నెలలకును ఎద కనబడనిచో పశువైద్యునిచేత చేయి పెట్టించి చూపింపవలెను. ఎద వచ్చి పోయినచో అండాశయముపై బుడిపె వంటి గుర్తు ఒకటి కొన్ని దినములు నిలుచును. అది చేతికి తగిలిన మూగ ఎద అని తెలియును. అండాశయము నున్నగా, చిన్నదిగా నున్నచో అది పనిచేయుట లేదని అర్థము. గర్భసంచిలో చీము ఉన్నదో లేదో కూడ తెలియును. కొన్ని గేదెలు అప్పటికే చూడితో నుండును. యజమానికి తెలియకుండ దున్నపోతు కట్టి యుండును. రెండు మూడు నెలల చూడిని వైద్యుడు చేతితో గుర్తింపగలడు.

ఇచ్చట ఒక హెచ్చరిక. “ఎద సూది వేయండి” అని రైతులు పట్టుబట్టుట, తెలిసీ తెలియనివారు వేయుట పల్లెలలో కలదు. ఆ సూదులలో ముఖ్యమైనది ప్రోస్టాగ్లాండిన్. పైన చెప్పిన బుడిపె ఉన్న గేదెపై అది చక్కగా పనిచేయును. నున్నని అండాశయముగల గేదెపై ఆ సూది వృథా. చూడి గేదెకు వేసినచో చూడి పోవును. కావున చేయి పెట్టి చూడని వానిచేత సూది వేయింపరాదు. అండాశయము నిద్రించు గేదెలకు వేరు చికిత్స కలదు. ప్రొజెస్టరోన్ గల పరికరమును వారము పైచిలుకు లోపల నుంచి తీయుదురు. అయితే ఎముకలు తేలిన గేదెకు ఈ చికిత్స కూడ సరిగా పట్టదు. మొదట మేత, పిమ్మట మందు.

మేత సంగతి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. కృష్ణా గోదావరి డెల్టాలలో గేదె బ్రతుకంతయు వరిగడ్డిమీదనే. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. అందులోను జీర్ణమగునది దాదాపు లేదు. భాస్వరము తక్కువ. సున్నము కొంత ఉన్నను దానిని ఆగ్జాలేటులు పట్టియుంచును. తౌడులో భాస్వరము కలదు, సున్నము లేదు. ఈనిన గేదె మొదటి రెండు నెలలు తినుదానికంటె ఎక్కువ శక్తిని పాలలో పోయును. ఆ కొరతను తన ఒంటి కొవ్వు కరగించి తీర్చుకొనును. ఒంటిలో నిలువ లేని గేదె మొట్టమొదట ఆపు ఖర్చు ఎద. ప్రాణము, పాలు, ఆ పిమ్మటనే సంతానము. ప్రకృతి వరుస అట్టిది. కాబట్టి ఎదకు పునాది చూడి చివరి రెండు నెలలలోనే పడును. అప్పుడు పాలు పితుకుట మాని, రోజువారీ దాణాకు మరియొక కిలో, కిలోన్నర చేర్చవలెను. వట్టిపోయినదని దాణా ఆపివేయుట మన ఊళ్లలో ఉన్న చెడ్డ వాడుక. ఈనిన తరువాత ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో దాణా ఇవ్వవలెను. ఖనిజ లవణ మిశ్రమము రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు దాణాలో కలుపవలెను. దీనికగు ఖర్చు ఒక ఎద తప్పిన నష్టముతో పోల్చిన లెక్కలోనికి రాదు.

గడ్డిని యూరియాతో మాగవేయుట చౌకయైన ఉపాయము. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరగించి, గడ్డిని పొరలు పొరలుగా పరచుచు చల్లి, బాగుగా త్రొక్కి, గాలి చొరకుండ ప్లాస్టిక్ పట్టా కప్పి 21 రోజులు ఉంచవలెను. తీసిన గడ్డిని గంటసేపు ఆరబోసి, ఘాటు పోయిన పిదప వేయవలెను. మొదటి వారము మామూలు గడ్డితో కలిపి అలవాటు చేయవలెను. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియాను నేరుగా దాణాలో గాని కుడితిలో గాని కలుపుట, కరగించిన నీటి తొట్టిని పశువులకు అందునట్లు వదలుట ప్రాణాపాయము. గంటలలో పశువు పడిపోవును.

పచ్చిమేత లేక ఏ ఉపాయమును నిండదు. వరి కోతకు ముందు తడి ఆరకుండ పిల్లిపెసర చల్లుట డెల్టాలో పాత అలవాటు. ఆ చేలు చాల వరకు మినుముకు పోయినవి. మినుముకు ధర ఉన్నది గనుక రైతును తప్పుపట్టలేము. అయినను పాడి ఉన్నవారు ఒక మడినైనను పిల్లిపెసరకు ఉంచుకొనుట మంచిది. నీటి వసతి యున్నచోట హైబ్రిడ్ నేపియర్ కణుపులు నాటినచో మొదటి కోత రెండు రెండున్నర నెలలకు, పిమ్మట 45 రోజులకొకసారి వచ్చును. ఎరువు, నీరు సరిగా పెట్టిన తోట ఎకరమునకు ఏడాదికి 100 టన్నుల మేత ఇచ్చుననుకొన్నచో, 10 సెంట్లకు 10 టన్నులు. అనగా రోజుకు 27 కిలోలు. ఒక గేదెకు సరిపోవును. దానితో అలసందగాని, అవిసె ఆకుగాని కొంత కలిపిన మేలు. తెలంగాణ మెట్టలో జొన్నచొప్ప వాడువారికి వరిగడ్డి వాడువారికంటె కొంత నయము. చొప్పను నరికి వేసినచో దుబారా తగ్గును.

ఎద కనబడిన పిదప ఎప్పుడు కట్టింపవలెననునది తరచుగా అడుగు ప్రశ్న. ఉదయము కనబడిన సాయంత్రము, సాయంత్రము కనబడిన మరునాడు ఉదయము. గేదెలో అండము ఎద ముగిసిన పిమ్మట విడుదల యగును గనుక మరీ తొందరపడి మొదటి గంటలోనే సూది వేయించుట వలన ఫలము తక్కువ. మరునాటికిని ఎద ఆగనిచో మరియొకసారి వేయింపవలెను. గేదెను ఎండలో నడిపించి తీసికొనిపోవుటకంటె, గోపాలమిత్రనో పశుసంవర్ధక సహాయకునో ఇంటికి పిలిపించుట మేలు. తేదీని గోడపై సుద్దముక్కతో వ్రాసి, 18వ రోజునుండి 24వ రోజు వరకు రాత్రియు వేకువయు కనిపెట్టి చూడవలెను. ఎద మరల రానంత మాత్రమున చూడి కట్టెనని అనుకొనరాదు, అది మూగ ఎదయు కావచ్చును. మూడవ నెలలో చేయి పెట్టించి నిర్ధారణ చేసికొనవలెను.

గ్రామాధికారులు ఒక్క పని చేసిన చాలును. పశుసంవర్ధక శాఖవారు గర్భకోశ వ్యాధుల చికిత్సా శిబిరము పెట్టునపుడు ఊరిలో ఈని మూడు నెలలు దాటియు చూడి కట్టని గేదెల జాబితా ముందుగా సిద్ధపరచి ఇవ్వవలెను. జాబితా లేని శిబిరమునకు దూరపు వీధుల గేదెలు రావు. శిబిరమును జ్యేష్ఠములో కంటె శ్రావణ భాద్రపదములలో పెట్టించిన, చికిత్స వెనువెంటనే మంచి కాలము కలిసివచ్చును.

వైద్యుడు చూచి, గర్భసంచి అతుకులు పడినదనియు ఇక చూడి నిలువదనియు చెప్పిన గేదెను ఉంచుకొనుటలో అర్థము లేదు. దానిని అమ్మివేయవచ్చును. అట్లు చెప్పని గేదెను మాత్రము, మేత సరిచేసి, నీడ నీరు కల్పించి, కార్తీక మార్గశిరముల వరకు చూచి, అప్పుడు సంత సంగతి ఆలోచింపవలెను.